గ్లౌజుల లోపలి గుడ్డ

హోటళ్ల దుప్పట్లు ఉతికే లాండ్రీలో పిండే గది నుంచి మడత గదికి ఒక్కరినే తీసుకుంటానని మేస్త్రీ చెప్పాడు. మడత గదిలో కుర్చీ ఉంది, నేల పొడిగా ఉంటుంది. పదేళ్లుగా తడిలో నిలబడి పాదాలు చివికిపోయిన పెద్దకోడలు ఆ కుర్చీ మీద కన్నేసింది. మేస్త్రీ నోట మాత్రం ఆమె తోటికోడలి మాట వచ్చింది. చిన్నదాని చెయ్యి చురుకట.

ఆ వారమే చిన్నకోడలి చేతుల మీద దద్దుర్లు లేచాయి.

"అక్కా, చూడు. చీమలపుట్టలో చెయ్యి పెట్టినట్టుంది."

పెద్దకోడలు చూసింది. చూడగానే తెలిసింది. రెండేళ్ల కిందట తనకూ ఇవే. రబ్బరు గ్లౌజులు నీ ఒంటికి పడవు, రబ్బరు తగలనీకు, చన్నీళ్ల గుడ్డ వెయ్యి, మాత్ర వేసుకో, గోకకు, వేడి నీళ్ల జోలికి పోకు అన్నాడు డాక్టరు. అప్పటి నుంచి చిరిగిన దిండు గలీబులతో తొడుగులు కుట్టుకుని, వాటి మీద గ్లౌజులు వేసుకుంటోంది. లోపల ఆ గుడ్డేమిటని చిన్నది ఒకసారి అడిగింది. చలికి అని చెప్పింది.

"రక్తం చెడిందే నీకు," అంది ఇప్పుడు. "ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లు పోసుకో. పీచుతో గట్టిగా రుద్దు."

"మంటెత్తదూ?"

"మంటెత్తితేనే మందు పనిచేస్తున్నట్టు."

చిన్నది నోట్లో కొంగు కుక్కుకుని రుద్దుకుంది. పొద్దున పోసుకుంది, సాయంత్రం పోసుకుంది. మూడో రోజుకు దద్దుర్లు మెడకు పాకాయి, ఒక కన్ను వాచి మూసుకుపోయింది.

మేస్త్రీ గుమ్మంలోనే ఆగాడు. "ఏంటిది? అంటురోగమా?"

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు మేస్త్రీ గారూ? గోక్కునేది ఆమె," అంది తొట్టి దగ్గరి ముసలామె. అందరూ నవ్వారు.

మేస్త్రీ నవ్వలేదు. పెద్దకోడలి వైపు తిరిగాడు. "నీ ఇంటి మనిషేగా. అంటుకుంటుందా?"

చిన్నది ఒంటికంటితో అక్క వైపే చూస్తోంది. పెద్దకోడలు గ్లౌజుల్లో వేళ్లు ముడుచుకుంది. లోపల గుడ్డ మెత్తగా తగిలింది.

"నాకేం తెలుసండీ. నేనైతే పిల్లల్ని దాని దగ్గరికి పోనివ్వడం లేదు."

చిన్నదాన్ని ఆ పూటే ఇంటికి పంపేశారు. మర్నాడు పెద్దకోడలు కుర్చీలో కూర్చుంది.

వారం తిరిగేసరికి చిన్నకోడలు ఇంట్లో చేతులు చాపి ఎదురొచ్చింది. దద్దు ఒక్కటి లేదు. పీచు గీరిన చోట మాత్రం తోలు లేచి నల్లబడింది.

"నీ వేడి నీళ్లే అక్కా! అమ్మ కూడా ఇంత చెయ్యదు. నయమైతే పిండే గదికి రమ్మన్నాడు మేస్త్రీ. రేపే వస్తా."

"రా మరి. నా గ్లౌజులు నీకే ఇస్తాలే. నాకిక వాటితో పనేముంది?"

పెద్దకోడలు సంచిలోంచి గ్లౌజులు తీసింది. లోపలి గుడ్డ తొడుగులు రెండూ బయటికి లాగి పొయ్యిలో వేసింది. ఉత్త రబ్బరు తీసి తోటికోడలి చేతిలో పెట్టింది.