లోపలి గడియ

నేను ఒక చిన్న విమానం పొట్ట కింది తలుపుని. తలుపు అనగానే మనుషులు ఎక్కి దిగే తలుపు అనుకోకండి. నా వెడల్పు ఒక పెద్ద పీటంత. నన్ను తెరిస్తే ఆ సందులోంచి కెమెరా కిందికి చూసి భూమిని ఫోటోలు తీసేది. పని అయ్యాక నన్ను మూసి, లోపలినుంచి గడియ తిప్పేవారు. బయటివైపు నాకు పిడి లేదు.

నన్ను ఏదో ఫ్యాక్టరీలో అల్యూమినియం రేకునుంచి కోశారు. అంచులు అరగదీసి, చట్రానికి బిగించి, బిగించినతను వేలితో రెండుసార్లు కొట్టి మోత విన్నాడు. బాగుంది అన్నట్టు తలాడించాడు. ఆకాశానికి వెళ్ళే వస్తువుని కదా, కాస్త పొగరు ఉండేది నాకు. ఇప్పుడు నామీద నెత్తళ్ళ చేపల వాసన ఉంది. ఎంత కడిగినా పోలేదు.

తీరం వెంబడి సర్వే చేసే ఒక కంపెనీ మా విమానాన్ని కొన్నది. అందులో ఇద్దరే వెళ్ళేవారు, పైలట్ ఒకడు, ఫోటోలు తీసే సదాశివం ఒకడు. నాతో పని సదాశివానిదే. ఇంటికి తాళం వేసి నాలుగడుగులు వేశాక మళ్ళీ వెనక్కి వచ్చి లాగి చూసుకునేవాళ్ళు ఉంటారే, ఆయన ఆ జాతి మనిషి. నా గడియ తిప్పాక తప్పకుండా రెండుసార్లు లాగేవాడు.

"ఏమయ్యా సదాశివం, ఇంత ఎత్తుకు దొంగలొస్తారా ఏంటి?" అని పైలట్ వేళాకోళం చేసేవాడు.

"మా ఆవిడా ఇదే అంటుంది," అని నవ్వి, ఇంకోసారి లాగేవాడు సదాశివం.

భీమిలి దాటాక, వానాకాలం మొదట్లో, మబ్బు కిందికి దిగిన ఒక ఉదయం ఇంజన్ ఆగిపోయింది. పైలట్ రేడియోలో ఏదో అరుస్తున్నాడు. సదాశివం కెమెరా తీసి పెట్టెలో పెట్టాడు. నన్ను మూశాడు. గడియ తిప్పాడు. అంత భయంలోనూ రెండుసార్లు లాగి చూశాడు. తరువాత సముద్రం వచ్చింది.

రేడియో మాట చివరిసారి వినిపించిన చోట ఓడలు వెతికాయి. మేం పడింది అక్కడికి చాలా ఇవతల, ఒడ్డుకు దగ్గరగా. ఏమీ దొరకలేదు. ఏమీ దొరకనప్పుడు మనుషులు ఊరికే ఉండలేరు కదా. విమానం అసలు కూలనే లేదన్నారు కొందరు. కూలింది, కానీ పైవాళ్ళు దాచేశారన్నారు ఇంకొందరు. తీరం ఫోటోలన్నీ పరాయి దేశానికి అమ్ముకుని సదాశివం ముందే దిగిపోయాడన్న మాట అన్నిటికన్నా బాగా నచ్చింది అందరికీ. కంపెనీవాళ్ళు ఔననలేదు, కాదనలేదు.

ఇదంతా నాకు దానయ్య వాకిట్లో తెలిసింది. నేను అక్కడికెలా వచ్చానో చెప్పాలి.

సముద్రం అడుగున మా విమానానికి నాచు పట్టింది. నాచు కోసం చిన్న చేపలు, వాటి కోసం పెద్ద చేపలు చేరాయి. మైలపల్లి దానయ్య ఆ తీరంలో గాలం వేసే మనిషి. ఒకరోజు అతని గాలానికి వరసగా కోనాం చేపలు పడ్డాయి, ఆఖరికి చట్రం ముక్కతో సహా ఊడి ఉన్న నేనూ తగులుకున్నాను. నన్ను పడవలోకి లాగి అటూ ఇటూ తిప్పి చూశాడు. కింద ఉన్నది ఆ విమానమేనని అతనికి అర్థమైంది. వెంటనే తలెత్తి ఒడ్డుకేసి చూశాడు. కొండ నొక్కూ లైట్‌హౌసూ ఒకదాని వెనక ఒకటి ఎలా వచ్చాయో మనసులో పెట్టుకున్నాడు. జాలర్లు సముద్రంలో ఒక చోటును గుర్తుపెట్టుకునే పద్ధతి అది. చేపలున్న జాడ దొరికితే కొడుక్కి తప్ప ఎవరికీ చెప్పరు. ఎవరైనా అడిగితే ఎదురు దిక్కు చూపిస్తారు. అడిగినవాడికీ ఆ సంగతి తెలుసు కాబట్టి దాన్ని ఎవరూ అబద్ధం అనుకోరు.

దానయ్య భార్య ఎర్రమ్మ నన్ను తోమి, వాకిట్లో రాళ్ళమీద పరిచి, నెత్తళ్ళు ఎండబెట్టడం మొదలుపెట్టింది. నా పక్కనే కూర్చుని మగవాళ్ళు వలలు బాగుచేసుకునేవారు.

కొన్నాళ్ళకు ఒడ్డుకు ఒక సీటు దిండు కొట్టుకొచ్చింది. దాంతో విచారణ అధికారులు మళ్ళీ వచ్చారు. నా ముందే నిలబడి, "పెద్దాయనా, విమానం ఎటువైపు పడి ఉంటుందంటారు?" అని దానయ్యను అడిగారు.

దానయ్య చెయ్యి తనంతట తానే లేచింది. "అల్లదిగో బాబూ, దచ్చినం పక్క. పెద్ద సప్పుడైతే ఇన్నాం."

వలలు అల్లుతున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దానయ్య దక్షిణం చూపించాడంటే అతని జాడ ఉత్తరాన ఉందని వాళ్ళకు తెలిసింది. ఒకడి జాడ ఇంకొకడు బయటపెట్టడు, అందుకే ఎవరూ నోరు విప్పలేదు. పాపం అధికారులకు ఆ మర్యాద తెలియదు. దక్షిణాన సముద్రమంతా గాలించి, ఇక్కడ శకలాలేవీ లేవని తేల్చి వెళ్ళిపోయారు. నామీద నెత్తళ్ళు ఎండుతూనే ఉన్నాయి.

"సూసినారా, ఏటీ లేదంట. గవుర్మెంటోళ్ళే దాసేసినారు," అన్నాడు దానయ్య సాయంత్రం, ఎంతో నమ్మకంగా. నాకు నవ్వు రావలసింది, రాలేదు.

ఆ తరువాత సదాశివం భార్య సుభాషిణి వచ్చింది. తీరం వెంట పల్లె పల్లెనా అడుగుతూ వచ్చింది. మనిషి చిక్కిపోయి ఉంది. మొగుడు బతికి ఉండాలని మొక్కుకునే ఆడవాళ్ళను చూశాను గానీ, పోయాడని రుజువు కోసం తిరిగే మనిషిని చూడటం అదే మొదలు.

"ఆయన ఫోటోలు అమ్ముకుని పారిపోయారంటున్నారు బాబాయ్," అంది దానయ్యతో. "మా మామగారు పేపరువాళ్ళకు మొహం చూపించలేక ఇల్లు కదలడం మానేశారు. బొట్టు పెట్టుకుంటే ఎక్కడున్నాడో నీకు తెలుసులే అంటారు. తీసేస్తే నాటకం అంటారు. ఆయన పోయారో లేదో తెలిస్తే చాలు నాకు. ఎలాంటి మాటైనా ఫరవాలేదు, చెప్పండి."

దానయ్య వల కేసి చూస్తూ, "మాకేటి తెలుస్తాదమ్మా," అన్నాడు.

మధ్యాహ్నమైంది. ఇంటికొచ్చిన మనిషిని తిననివ్వకుండా పంపే అలవాటు వాళ్ళకు లేదు. పొద్దున పడ్డ కోనాం పులుసు పెట్టి ఉంది. సుభాషిణి నా పక్కనే చాపమీద కూర్చుంది. ఎర్రమ్మ అన్నం పెట్టింది, పులుసు పోసింది, ముక్క వేసింది. సుభాషిణి కలిపి ముద్ద ఎత్తబోయింది. ఎర్రమ్మ వంగి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఒద్దమ్మా. ఈ సేప నువ్వు తినకు."

"ఏం పిన్నీ?"

"నోరుముయ్యే," అన్నాడు దానయ్య.

ఎర్రమ్మ అతనికేసి చూడలేదు. కంచం పక్కకు జరిపేసింది. "నీ పెనివిటి ఉన్న కాడ పట్టినారమ్మా ఇయ్యి," అంది.

అప్పుడు దానయ్య లేచి వచ్చి, నామీది నెత్తళ్ళన్నీ ఇసకలోకి దులిపేసి, నన్ను తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఎదురుగా కూలబడ్డాడు. "సేపల జాడ అడిగినట్టే అనిపించినాదమ్మా ఆ ఆపీసర్లు అడిగితే. మడుసులు గుర్తుకు రానేదు," అన్నాడు. అతను చెప్పింది నిజమే. నిజం కాబట్టే వినడానికి మరీ కష్టంగా ఉంది.

సుభాషిణి ఎంగిలి చెయ్యి కొంగుకు తుడుచుకుని నన్ను తిప్పింది. తుప్పుపట్టిన గడియ మీద ఆమె వేలు ఆగింది.

"ఇది లోపలినుంచే వేస్తారు. ఆయన చెప్పేవారు," అంది. గడియ చట్రం ముక్కలోకి దిగి ఉన్నచోట తడిమి, "వేసే ఉంది," అంది. అప్పుడు ఏడ్చింది. ఎర్రమ్మ ఆమె తల తన ఒళ్ళోకి తీసుకుంది.

దానయ్య ఈసారి అధికారులకు సరైన దిక్కే చూపించాడు. విమానాన్ని ముక్కలుగా పైకి తీశారు. అతని జాడ పోయింది. ఇప్పుడు అక్కడ గాలం వేస్తే ఏమీ పడదట. ఊళ్ళో కొందరు అతనితో మాట్లాడటం మానేశారు, ముందు చెప్పనందుకు కాదు, తరువాత చెప్పినందుకు.

నన్ను ఒక గోదాములో, మెడకు చీటీ కట్టి ఉంచారు. పుకారు చచ్చిపోలేదు. విమానంలో పైలట్ శవం ఒక్కటే దొరికింది కాబట్టి సదాశివం బతికే ఉన్నాడనీ, నన్నెవరో తెచ్చి సముద్రంలో వేశారనీ ఇప్పుడు అంటున్నారు. చీటీ రాయడానికి వచ్చిన గుమాస్తా కూడా అదే అన్నాడు, నా ఎదుటే.

సుభాషిణి ఒకసారి అనుమతి తీసుకుని వచ్చింది. నుదుట బొట్టు లేదు. గుమాస్తా తన కబుర్లు మొదలుపెట్టాడు. ఆమె నా ముందు కూర్చుని గడియ పట్టుకుని లాగింది. ఇంకోసారి లాగింది. నేను కదల్లేదు.

"సరిగ్గానే వేశారు," అని లేచి వెళ్ళిపోయింది.