మీట లేని పిస్టల్

తుపాకుల కంపెనీలో ఇంజనీరుగా ఆ పిస్టల్‌ను రూపొందించింది ఆవిడే. పక్కనున్న మీట పైకి ఉంటే ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక్కటే గుండు. కిందికి దించితే ట్రిగ్గర్ వదిలేదాకా గుళ్ల వాన. అందుకే పోలీసులకు తప్ప ఎవరికీ అమ్మకూడదని చట్టం. ఇప్పుడు ఆ మీట పీకేసి దుకాణాలకు పంపుతామని చెప్పడానికి, కంపెనీ లాయరైన సొంత తమ్ముడే వర్క్‌షాపుకు వచ్చాడు.

"మీట లేకపోతే చట్టం దృష్టిలో ఇది మామూలు పిస్టలే అక్కా."

"లోపలి భాగాలు అలాగే ఉన్నాయి కదరా! మీట మళ్లీ పెట్టుకోవడం ఎంతసేపు?"

"అది కొన్నవాడి నేరం. మనకేం సంబంధం?"

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. "నీ కూతురి బడి ముందు ఎవడైనా దీన్ని పేలిస్తే, ఇదే మాట దాని మొహం చూసి చెప్పు!"

ఆవిడ పిస్టల్‌ను ఇనుము నలిపే ప్రెస్ కింద పెట్టి పచ్చడి చేసింది.

"ఏం లాభం? డ్రాయింగులు కంప్యూటర్లో ఉన్నాయిగా," అన్నాడు వాడు నెమ్మదిగా.

ఆవిడ చేతులు తుడుచుకుని, నేరుగా ఆయుధాల లైసెన్సు ఆఫీసుకు వెళ్లింది. ఏం పనని గుమాస్తా అడిగాడు.

"మా కంపెనీ మీద ఫిర్యాదు చెయ్యాలి. మా తమ్ముడి మీద కూడా."