పెళ్లిళ్ల సీజన్‌లో రిజెక్ట్ ముద్ర

నేను ఒక రబ్బరు స్టాంపుని. 'రిజెక్ట్' అన్న ఒక్క మాట తప్ప నాకింకేం రాదు. నాతోపాటే కోఠిలో చెక్కిన 'ఓకే' నా తమ్ముడు. ఇద్దరం బాలానగర్‌లో ఒక సీలింగ్ ఫ్యాన్ల ఫ్యాక్టరీలో చేరాం.

మమ్మల్ని వాడేది ఇన్‌స్పెక్టరు కోదండపాణి గారు. ఫ్యాను బాగుంటే తమ్ముడు, బాగోకపోతే నేను. అయితే రిజెక్ట్ అయినవి స్టాఫ్‌కి సగం ధరకి ఇచ్చేవాళ్లు. దాంతో పెళ్లిళ్ల సీజన్ వస్తే నాకు ఊపిరాడేది కాదు. నిక్షేపంలాంటి ఫ్యాన్ల మీద నన్ను గుద్దేసేవాళ్లు. చుట్టాలకి చెడిపోయినవి చదివించలేరు కదా!

ఇంతలో ఓనరు ముకుందం గారు క్వాలిటీ సెమినార్‌కి వెళ్లొచ్చారు. అమెరికాలో షూహార్ట్ అనే ఆయన, సరుకు తయారయ్యాక ఏడవడం కాదు, తయారవుతున్నప్పుడే గీతలు గీసి గమనించమన్నాట్ట. డెమింగ్ అనే ఆయన వెళ్లి జపాన్‌ వాళ్లకి చెబితే వాళ్లు విన్నార్ట. మా ఓనరూ విన్నారు. నినాదాలు మానేయమని డెమింగ్ అన్న మాటని గోడ మీద ఎర్ర రంగుతో రాయించారు.

వైదేహి అనే ఇంజనీరుని కూడా పెట్టారు. ఆ అమ్మాయి రిజెక్టులకి గ్రాఫు గీసింది. గీత ఆషాఢంలో పడుకుని శ్రావణంలో లేచింది.

"బాబాయిగారూ, మన మెషీన్లు ముహూర్తాలు చూసుకుంటాయా?" అని కోదండపాణి గారిని అడిగింది.

"శ్రావణంలో తేమ ఎక్కువమ్మా."

"మరి మాఘంలో?"

"అప్పుడు మంచు."

అన్నారేగానీ ఆయన గబుక్కున నన్ను తీసి జేబులో వేసుకున్నారు. ఆ శుక్రవారమే బావమరిది గృహప్రవేశం. ఇంటికి నాలుగు ఫ్యాన్లూ తనవే అని అత్తారింట్లో అందరి ముందూ కోతలు కోసి వచ్చారు. ఇప్పుడు ఉద్యోగమా, పరువా?

వైదేహి ఓనరు దగ్గర ఆయన పేరెత్తలేదు. "తప్పు మనిషిది కాదు సార్, మన పద్ధతిది. డెమింగ్ చెప్పింది అదే" అంది. పెద్దపేరు వినగానే ఓనరు ఒప్పేసుకున్నారు. రిజెక్టులు అమ్మడం బంద్. ఇకనుంచి స్టాఫ్‌కి ఓకే ఫ్యాన్లే, అదే సగం ధరకి.

కోదండపాణి గారు ఎగిరి గంతేశారు. నాలుగు ఓకే ఫ్యాన్లు ఆటోలో వేయించుకుని, జేబులో నన్ను మర్చిపోయి, గృహప్రవేశానికి బయల్దేరారు.

పంతులుగారు మంత్రం అందుకున్నారు. బావమరిది స్విచ్చులు వేశాడు. నాలుగూ ఒక్కసారి కటకటకట అన్నాయి. మంత్రం మునిగిపోయింది.

"బావా, వీటిని పాస్ చేసిందెవరు?" అని అరిచాడు బావమరిది.

"ఎవడో దరిద్రుడు!" అని అరిచారు కోదండపాణి గారు.

ఇన్నేళ్లూ మంచివన్నీ నా ముద్రతో స్టాఫ్ ఇళ్లకి పోతే, లెక్క సరిపెట్టడానికి చూడకుండా కొట్టిన ఓకే ముద్రతో జనానికి ఏం పోయాయో ఆయనకి అప్పుడు తెలిసింది. తను పాస్ చేసిన ఫ్యాను కింద ఆయన కూర్చోవడం అదే మొదటిసారి.

సోమవారం ఆయన ఒక్కో ఫ్యానునీ చెవి ఒగ్గి విన్నారు. మధ్యాహ్నానికల్లా రిజెక్టులు గుట్ట పడ్డాయి. ఓనరు పరిగెత్తుకొచ్చారు.

"ఏమయ్యా కోదండం, ఇన్నా? పాత పద్ధతిలో కాస్త చూసీచూడనట్టు పోనీయ్!"

"సరే సార్. ఓ నాలుగు మీ బెడ్రూముకి పంపించమంటారా?"



"వద్దులే. కొట్టెయ్."

ఆ నెల తిరక్కుండానే నా అక్షరాలు అరిగిపోయాయి, నేను తుక్కులోకి వచ్చి పడ్డాను. నా చోటికి కొత్త రిజెక్ట్ వచ్చింది. కోదండపాణి గారే దగ్గరుండి చేయించార్ట, రెండింతల సైజులో.