భర్త ఫోన్ నంబరు, తప్పనిసరి

"భర్త ఫోన్ నంబరు గడి తప్పనిసరి చేసెయ్యమ్మా, ఆస్పత్రివాళ్లు మరీ మరీ చెప్పారు" అన్నారు మా టీమ్ లీడ్, టీ కప్పు పట్టుకుని నా కుర్చీ వెనకాల నిలబడి. ఆయనెప్పుడూ వెనకాలే నిలబడతారు. మెడ తిప్పుకుని మాట్లాడాల్సింది మనమే.

స్త్రీల ఆస్పత్రికి అపాయింట్‌మెంట్ ఫారం అది. సాయంత్రానికల్లా వెబ్‌సైట్‌లో పెట్టేయాలి. పేరు, వయసు, ఏ డాక్టరు, ఎందుకోసం, ఏ రోజు... గడులన్నీ నేనే కట్టాను. ఆఖరున మిగిలింది ఇది. భర్త నంబరు ఇవ్వకపోతే ఫారం ముందుకు కదలదు. ఇస్తే, అపాయింట్‌మెంట్ ఖాయమైందన్న మెసేజ్ ఆయనకే పోతుంది.

"మెసేజ్ పేషెంటుకి కదా సార్ వెళ్లాలి?"

"ఇద్దరూ ఒకటే కదమ్మా! నువ్వు ప్రతిదానికీ మరీ లోతుకి వెళ్లిపోతావు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నేను నోరు మూసుకుని, కోడ్‌లో ఆ గడి చివర రిక్వైర్డ్ అని ఒక్క మాట చేర్చాను. పక్కనే ఎర్ర చుక్క వెలిగింది.

నోరు మూసుకోవడంలో నాకు బోలెడు అనుభవం. ఇంట్లో రెండో బిడ్డ మాట ఎత్తినప్పుడల్లా చేసే పని అదేగా. "ఒక్క పిల్లతో సరిపెడతావా? దానికి తోడు వద్దూ?" అంటుంది అత్తయ్య. "అమ్మ చెప్పేదీ నిజమేగా" అంటారు మా ఆయన, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా. మొదటి కాన్పులో నేను చావు తప్పి బయటపడ్డ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. లేచిన దగ్గర్నుంచీ వంట, క్యారేజీలు, పిల్ల స్నానం, అత్తయ్య మాత్రలు, ఆపైన ఆఫీసుకు పరుగు. ఇంకో బిడ్డను ఎవరు పెంచుతారండీ అంటే, "మేమంతా లేమూ?" అంటారు. ఉన్నారు మహానుభావులు! మొన్న పిల్లకు జ్వరమొస్తే సెలవు పెట్టింది ఎవరట?

ఫారం నడుస్తోందో లేదో చూడాలంటే ఎవరివో వివరాలు నింపి పంపాలి. ఆ పరీక్షకు ఉత్తుత్తి నంబరు వాడాలన్నది మా పనిలో మొదటి పాఠం. కానీ తిండి తినలేదు, టైము తరుముతోంది. పేరూ వయసూ నావే ఇచ్చి, 'ఎందుకోసం' అన్నచోట చేతికందిన 'గర్భనిరోధక సలహా' ఎంచుకున్నాను. నంబరు గడిలోకి రాగానే నా వేళ్లు వాటంతటవే మా ఆయన నంబరు కొట్టేశాయి. బ్యాంకు, గ్యాసు, బడి... పెళ్లయినప్పట్నుంచీ ఎక్కడైనా నేను రాసే నంబరు అదొక్కటే. పంపేశాక గానీ చేసిన పని తెలిసిరాలేదు. ఆస్పత్రి తరఫున మెసేజీలు పంపే ఏర్పాటు అప్పటికే పనిచేస్తోంది.

ఫోన్ మోగింది.

"ఏంటిది? గర్భనిరోధక సలహా ఏంటి? నాకు తెలీకుండా ఎన్నాళ్లనుంచి నడుస్తోంది ఈ భాగోతం?"

"అది మా ఆఫీసు..."

"ఆపు! ఆస్పత్రికి ఫోన్ చేసి క్యాన్సిల్ చేయించేశాను. భర్తని మాట్లాడుతున్నా అన్నాను, అంతే, మారు మాట్లాడకుండా తీసేశారు. అమ్మకీ చెప్పాను. సాయంత్రం రా, తేలుద్దాం."

'అది ఉత్తుత్తి పరీక్షండీ' అని ఒక్క ముక్క పంపితే గొడవ సద్దుమణిగేది. టైపు చేశాను కూడా. కానీ పంపబుద్ధి కాలేదు. నాది ఉత్తుత్తిది. రేపు ఈ ఫారం నింపే ఆవిడది నిజం. ఆవిడ మొగుడూ ఇలాగే ఫోన్ చేస్తాడు, ఆవిడ అపాయింట్‌మెంట్ నిజంగానే పోతుంది. ఆ గడి కట్టింది నేను. నా మీద నాకే ఒళ్లు మండింది.

గడి తీసిపారేశాను. దాని చోట 'మీ ఫోన్ నంబరు' అని పెట్టి, లీడ్ దగ్గరికెళ్లి చెప్పాను.

"ఎవర్నడిగి తీశావమ్మా? ఆస్పత్రివాళ్లకి జవాబెవరు చెప్తారు?"

"నేనే చెప్తాను. ఫోన్ కలపండి."

కలిపారు. పెద్ద డాక్టరమ్మకు మా ఆయన ఇందాక చేసిన ఘనకార్యం ఉన్నదున్నట్టు చెప్పాను. ఆఫీసంతా వింటోంది. విననీ! "పాత కాగితం ఫారంలో ఉందని అలాగే రాసిచ్చామమ్మా. తీసెయ్. ఇకమీదట పేషెంటు అడిగితేనే రద్దు చేస్తాం" అంది ఆవిడ.

ఇంటికి వెళ్లేసరికి తల్లీకొడుకులు హాల్లో కూర్చుని ఉన్నారు, తీర్పు చెప్పేవాళ్లలా. ఫారం పరీక్షించడానికి పంపిన మెసేజ్ అది, నంబరు పొరపాటున కొట్టాను అన్నాను. ఆయన ఊపిరి పీల్చుకున్నారు.

"ముందే చెప్పొద్దుటే! హడలగొట్టి చంపావు" అని నవ్వేసింది అత్తయ్య. "వెళ్లు, వెళ్లి కాస్త టీ పెట్టు."

"ఆ మెసేజ్ ఉత్తుత్తిదే అత్తయ్యా" అన్నాను, భుజం మీది బ్యాగు దించకుండానే. "బస్సులో వస్తూ అదే ఫారం మళ్లీ నింపాను, ఈసారి నా నంబరుతో. ఇది నిజం. దీన్ని రద్దు చేయగలిగేది నేనొక్కదాన్నే."