చల్లారని కెటిల్

మళ్ళీ కెటిల్ మీద ఎర్ర దీపం వెలిగింది, ఇప్పుడే కదా ఆర్పాను, ఒరేయ్ ఫింటన్, బతికున్నప్పుడూ ఇంతే నువ్వు, నా పని నన్ను చేసుకోనివ్వవు, పక్కన నిలబడి అక్కా అది తిప్పు, అక్కా ఇది కట్టెయ్ అంటూ ప్రాణం తోడేసేవాడివి, నిన్ను పూడ్చి వచ్చి వారం తిరగలేదు, నీ షెడ్డులో, నువ్వు బీరు కాచే పెద్ద కరెంటు కెటిల్ ముందు నేను, పైన రేకుల మీద మన కార్క్ ఊరి వాన, లోపల మాడిన బార్లీ వాసన, నీ చొక్కాలన్నిటికీ ఉండే వాసనే, ఈ నల్ల బీరు నువ్వు పోయిన నెలకి చర్చిలో చేయించే పూజకి వచ్చేవాళ్ళ కోసం, వాళ్ళకు కొన్న బీరు పోస్తే నీ పరువు పోదూ, అందుకే కాచాను, చేదుకి హాప్స్ పూలు వేశాను, పొంగబోతే మూత తీసి తిట్టాను, ఇక చల్లారితే పులియడానికి నీ ఈస్ట్ పోయడమే.

సీసా నా జేబులోనే ఉంది, అడుగున తెల్లటి మడ్డి, అదే ఈస్ట్, పెళ్ళికి ముందు నుంచీ ఒక కాపు మడ్డి తీసి మరో కాపులో పోస్తూ బతికించుకొచ్చావు, మొన్న నీ పెళ్ళాం గ్రోన్యా ఫ్రిజ్‌లోంచి తీసి నా చేతిలో పెట్టి, తీసుకుపో వదినా, తలుపు తీసినప్పుడల్లా ఆయన చూస్తున్నట్టే ఉంది, నావల్ల కాదు అంది, పిచ్చిదానా అన్నాను గానీ ఆ సీసాని రెండు చేతులా పట్టుకునే ఇంటికి తెచ్చాను, నీది అంటూ ఊపిరున్నది ఇదొక్కటే మిగిలింది కదరా, వేడి మీద పోస్తే చచ్చిపోతుంది, పసిపిల్లకు పోసే నీళ్ళలా ఉండాలక్కా అనేవాడివి, ఇందాక అలాగే ఉంది, ముట్టుకుని చూశాను, సీసా మూత కూడా తిప్పాను, అంతలో చూస్తే కెటిల్ని చల్లార్చే చన్నీళ్ళ కొళాయి కట్టేసి ఉంది, మళ్ళీ ఎర్ర దీపం, మళ్ళీ సెగ, నీకు పోవడం ఇష్టం లేదా నాయనా, ఉంటే ఉండు, నేనేమన్నా పొమ్మన్నానా.

చల్లారిందా వదినా, గుమ్మంలో గ్రోన్యా, తల తడిసింది, చేతిలో టీ, ఎక్కడే, మీ ఆయన పెట్టే తిప్పలు చూడు, మాటిమాటికీ స్విచ్ వేస్తున్నాడు అన్నాను నవ్వుతూ, అది నవ్వలేదు, వదినా, వేస్తున్నది నువ్వే, వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, కొళాయి కట్టిందీ నువ్వే అంది, ఛీ ఊరుకో, నాకేం పట్టింది అని కిందికి చూస్తే నా బొటనవేలు స్విచ్ మీదే ఉంది, నొక్కి నొక్కి చివర తెల్లబడింది, మరి ఈ సీసా పోసేస్తే నా దగ్గర వాడిది ఏం మిగులుతుందే గ్రోన్యా, ఏడుపు ముంచుకొచ్చింది, దీపం వెలుగుతూనే ఉంది, తమ్ముడా, నువ్వెక్కడా ఆగలేదురా, నువ్వు వెళ్ళిపోయావు, పోనివ్వనిది నేనే.