సీలు వేసిన తడి

రేడియో మేస్త్రీ దుకాణం మూడంతస్తుల మేడ మెట్ల కింద ఉంటుంది. వానాకాలంలో ఆ గదిలో చెమ్మ ఎంతంటే, గోడకు కొట్టిన మేకు వేళ్లు తన్ని చిగురు వేసింది. సొరుగులో ఓ కప్ప కాపురం పెట్టి, పిల్లల్ని కని, వాళ్లకు సంబంధాలు కూడా అక్కడే కుదుర్చుకుంది. నమ్మకపోతే మేస్త్రీనే అడగండి. కాదనడు, ఈ కబుర్లలో సగం ఆయన పుట్టించినవే.

అలాంటి గదిలో కూర్చుని ఆయన చేసే పనేమిటయ్యా అంటే, పరాయి వస్తువుల్లోంచి తడి తీయడం.

ఆయన అక్క మొగుడు జనం పోగొట్టుకున్న వస్తువులు వెతికిపెడుతుంటాడు. ఆ బావ దగ్గర మట్టిలో లోహం జాడ పట్టే మిషన్లు రెండున్నాయి. పెద్దది నేలమీద ఊపుకుంటూ నడిచేది. రెండోది పిన్‌పాయింటర్. జానెడుండే కర్రలాంటిది, మొన సన్నం. తవ్విన గుంటలో గుచ్చితే, దగ్గర్లో లోహం ఉన్నచోట కూత పెట్టి, చేతిలో గిజగిజలాడుతుంది. బావ దాన్ని ముల్లంగి అనేవాడు.

వానలు మొదలైన కొత్తలో ఆ ముల్లంగిని తెచ్చి బల్లమీద పడేశాడు.

"ఒరేయ్ బామ్మర్దీ, కాలవ గట్టున తడిసిన దగ్గర్నుంచీ ఊరికే కూస్తోందిరా. మీ అక్కలాగే, కారణం అక్కర్లేదు."

"ఈ మాట అక్కకు చెప్పనా?"

"చెప్పు. రాత్రికి నీ ఇంట్లోనే పడుకుంటా."

తడిసిన ముల్లంగికి చేయాల్సిన వైద్యం మేస్త్రీకి తెలియనిది కాదు. మూత తీసి, బ్యాటరీ పీకి, చెమ్మ పీల్చే గుళికల పొట్లాలున్న డబ్బాలో రెండు మూడు రోజులు నిద్రపుచ్చాలి. చెప్పుల షాపువాణ్ణి బతిమాలి ఆ పొట్లాలు గుప్పెడు పోగేసి పెట్టుకున్నాడు కూడా. కానీ బావ స్టూలు మీదనుంచి లేవడే! "అయిందా, అయిందా" అని ఒకటే నస. దాంతో మేస్త్రీ జుట్టు ఆరబెట్టే మిషనుతో కాసేపు వేడిగాలి కొట్టి, వేలితో తడిమి, ఆరిందనుకున్నాడు. ఇక అతుకు చుట్టూ జిగురు పూయాలి. పూయాల్సిన వాసన లేని జిగురు ట్యూబులోనే గడ్డకట్టింది. చేతికందింది స్నానాలగదుల మూలలకు పూసేది, వెనిగర్ కంపు కొట్టేది. ఆ కంపు రాగికి పడదు. ఆ సంగతీ ఆయనకు తెలుసు. పైపైనే కదా అనుకుని పూసేశాడు.

చెంచా దగ్గర పెడితే ముల్లంగి గిజగిజలాడింది.

"ఇక సముద్రంలో పారేసినా చేపలు ఫోన్ చేసి తీసుకుపొమ్మంటాయి" అన్నాడు మేస్త్రీ.

వానలు ముదిరాక లెక్కల టీచరమ్మ ఉంగరం పోయింది. కాలంచేసిన భర్త తొడిగిన ఉంగరం. పూలమొక్కలకు మట్టి గుల్లచేస్తూ, తీసి వరండా పిట్టగోడ మీద పెట్టానంది. గోడ కింద మొక్కల మడి, మడి పొడుగునా ఇనప కంచె. ఆ సమయానికి వరండాలో బట్టల మూట కట్టుకుంటున్నది ఇస్త్రీ అక్క. మేస్త్రీ దుకాణానికి ఎదురుగా బండి పెట్టుకుని, బొగ్గుల పెట్టెతో వీధి వీధంతటికీ ఇస్త్రీ చేసేది ఈవిడే.

బావ వెళ్లాడు. పెద్ద మిషను కంచె ఇనుమును చూసి గగ్గోలు పెట్టింది. దాన్ని పక్కన పెట్టి, ముల్లంగితోనే మడంతా గుచ్చి గుచ్చి చూశాడు. అది ఉలకలేదు, పలకలేదు.

"మట్టిలో లేదమ్మా. మిషను అబద్ధం చెప్పదు" అని చేతులు దులుపుకున్నాడు.

టీచరమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. వరండా వైపు ఒక్కసారి చూసిందంతే. మర్నాటినుంచి ఆ ఇంటి మూట బయటికి రాలేదు. తర్వాత పక్కింటిది, ఆ తర్వాత ఎదురింటిది.

కొన్నాళ్లకు బావ ముల్లంగిని మళ్లీ పట్టుకొచ్చాడు. "చచ్చిందిరా. చెంచా కాదు కదా, గునపం పెట్టినా కదల్లేదు."

మేస్త్రీ జిగురు కోసి విప్పాడు. వెనిగర్ కంపు గుప్పున ముక్కుకు కొట్టింది. లోపల నీటి బొట్లు. వెంట్రుకంత రాగితీగ చుట్ట పచ్చగా పొడిబారి, ముట్టుకుంటే రాలిపోయేలా ఉంది. ఇది నిన్నా మొన్నా తెగింది కాదు.

"బావా, టీచరమ్మ ఇంటికి పోయేముందు చెంచా పెట్టి చూశావా?"

"నువ్వు బాగుచేశాక మళ్లీ చూడ్డం ఎందుకురా? ఇంతకీ ఏమైంది?"

"బ్యాటరీ స్ప్రింగుకి తుప్పు" అంది మేస్త్రీ నోరు. మనిషి అనుకోకముందే అనేసింది.

"హమ్మయ్య. ఇంకేమో అనుకున్నా."

ఈసారి మేస్త్రీ వైద్యంలో వంక పెట్టడానికి లేదు. కొత్త తీగ చుట్టాడు. డబ్బాలో పొట్లాల మధ్య బుద్ధిగా ఆరనిచ్చాడు. లోపలి పలకకు వార్నిష్ పూశాడు. మూత కింది రబ్బరు చుట్టను తుడిచి గ్రీజు రాశాడు. వాసన లేని జిగురు కొనుక్కొచ్చాడు.

"పనయ్యాక తుడిచి, మూత తీసి, బ్యాటరీ బయట పెట్టు బావా. తడిగుడ్డల సంచిలో కుక్కొద్దు" అన్నాడు.

"ఉపదేశం బాగుంది స్వామీ" అని బావ దణ్ణం పెట్టి పోయాడు.

బావను ఏదో వంకతో మళ్లీ టీచరమ్మ ఇంటికి పంపితే సరి అనుకున్నాడు మేస్త్రీ. వంకలకేం, కప్పలకు పెళ్లిళ్లు చేసిన బుర్ర! అయినా ఒక్కటీ తట్టలేదు. ఎదురుగా ఖాళీ బండి కనిపిస్తుంటే అన్నం సహించలేదు. ఇంట్లో ఉన్న బట్టలన్నీ మూటగట్టి ఇస్త్రీ అక్క దగ్గరికి మోసుకెళ్లాడు.

ఆవిడ మూట విప్పి ఒక్కొక్కటీ పైకెత్తింది. "ఏం తమ్ముడూ, తువ్వాళ్లకూ లుంగీలకూ ఇస్త్రీయా? రెండో పెళ్లి కుదిరిందా ఏమిటి? మరదలికి తెలుసా?"

మేస్త్రీ నవ్వబోయాడు, రాలేదు.

ఆవిడ తువ్వాలును బల్లమీద పరుస్తూ, తల ఎత్తకుండా అడిగింది. "మీ బావ మిషను నిజంగానే అబద్ధం చెప్పదా?"

"మిషను కదక్కా..."

"అంతేలే" అని పెట్టె జరిపింది.

మర్నాడు దుకాణం తీసేసరికి ఎదురుగా బండి లేదు. నేలమీద బూడిద మాత్రం ఉంది. మేస్త్రీ తాళంచెవి తాళానికే వదిలేసి బావ ఇంటికి పరుగెత్తాడు. ఉన్నదంతా చెప్పేశాడు.

"స్ప్రింగన్నావు కదరా!" బావ ముఖం నల్లబడింది. "నేనా ఇంట్లో నిలబడి గొప్పగా ఏమన్నానో తెలుసా?"

"తెలుసు. పద."

టీచరమ్మ ముందు నిలబడి మేస్త్రీ మళ్లీ అంతా చెప్పాడు. ఈసారి బావ ముందు చెంచా పెట్టి చూసి, తర్వాత మడిలోకి దిగాడు. కంచెకు ఎడంగా, పిట్టగోడ వెంబడి గుచ్చుకుంటూ వచ్చాడు. గులాబీ మొదట్లో ముల్లంగి గిజగిజలాడింది. వేళ్లమధ్య మట్టిపెళ్లలో ఉంగరం.

టీచరమ్మ మెట్టుమీద చతికిలబడింది. "నేనావిణ్ణి ఒక్క మాట కూడా అనలేదు."

"నేనూ అంతేనమ్మా. ఒక్క మాటా అనలేదు" అన్నాడు మేస్త్రీ.

ఇస్త్రీ బండి సంతకు అవతల, ఎవరో గిడ్డంగి ముందు రేకుల నీడలో కనిపించింది. కొత్త చోటు, కొత్తవాళ్ల బట్టలు.

"ఉంగరం దొరికిందక్కా. మట్టిలోనే ఉంది."

"దొరికిందా? పోనీలే. పాపం, ఎంత బెంగపెట్టుకుందో."

"తప్పు నాదక్కా. లోపల తడి ఉండగానే సీలు వేశాను. మా బావ వెతికిననాటికే అది చచ్చి ఉంది."

"చేసేవాళ్ల చేతుల్లోనే పొరపాట్లు జరుగుతాయి తమ్ముడూ. నేను కాల్చిన చీరలు ముడేసుకుంటూ పోతే చందమామ దాకా చేరొచ్చు."

అక్కడితో వెనక్కి తిరిగితే సరిపోయేది. కానీ ఆవిడ చొక్కా తిరగేసి, కాలరు మీద పెట్టె ఆపింది.

"తువ్వాళ్లు తెచ్చావే... ఆ రోజుకే తెలుసా నీకు?"

మేస్త్రీ నోట్లో ఎన్నడూ మాటకు కరువు లేదు. ఇప్పుడు ఒక్కటే మిగిలింది.

"తెలుసక్కా."

ఆవిడ అతని ముఖంలోకి చూసింది. కోపంగా కాదు, చొక్కా మీద మరక పోతుందా పోదా అని చూస్తారే, అలా. తర్వాత పెట్టె మళ్లీ అందుకుంది.

"కాస్త పక్కకు జరుగు. గాలి అటే ఉంది, నిప్పురవ్వలు మీద పడతాయి."

మేస్త్రీ జరిగాడు. ఆవిడ ఇంకో చొక్కా తీసింది. అది కాగానే మరొకటి. మళ్లీ తల ఎత్తుతుందేమోనని మేస్త్రీ అక్కడే నిలబడ్డాడు. మూటలో బట్టలు ఇంకా చాలా ఉన్నాయి.