సంధ్యకు దొరకని తగాదా

కూతురు సంధ్య చదివే ఎమ్మే పేరు లక్ష్మీదేవికి ఇప్పటికీ నోరు తిరగదు. తగాదాలు రాకుండా ఆపడం, వచ్చినచోట శాంతి నిలబెట్టడం నేర్పుతారని మాత్రం అర్థమైంది. అంటే కొట్లాట ఎక్కడుంటే పిల్ల అక్కడికి పోవాలన్నమాట! ఆనాటి నుంచి ఆవిడ గుండె గుప్పెట్లోనే ఉంది.

ఈసారి పరీక్షకు బదులు నిజమైన తగాదా ఒకటి చూసి, ఇరువైపులా మాట్లాడి, సోమవారానికి రాసివ్వాలట. సంధ్య ఎక్కడికో పోలేదు, కాటన్‌పేటలో తాముండే వఠారంలోనే వెతుక్కుంది. మిద్దె మీద నంజమ్మ ఎండబెట్టిన వడియాలపై నర్సు హెప్సిబా ఆరేసిన చీర నీళ్లు కారాయి. రెండు నెలలుగా ఇద్దరికీ మాటల్లేవు. ఒకరి తలుపు దబ్బున మూసుకుంటే రెండోవారిది ఇంకా గట్టిగా మూసుకుంటుంది.

"ఆదివారం ఇద్దరినీ కూచోబెడతానమ్మా" అంది సంధ్య.

లక్ష్మీదేవికి అంతా కళ్లకు కట్టింది. నంజమ్మ చేతిలో సంగటి తెడ్డు, నడుమ బిడ్డ తల, ఆస్పత్రి, కుట్లు.

శనివారం బిడ్డ కాలేజీకి పోగానే లక్ష్మీదేవి వెళ్లి నంజమ్మ గడప తొక్కింది. "హెప్సిబా నీ బీపీ గురించి అడిగెనక్కా. మాత్రలు మింగుతాండాదో లేదో అని."

అట్నుంచి అటే పైకి, హెప్సిబా దగ్గరికి. "నంజక్క నిన్ను చూసి అయ్యో అంటాది పాపా. నైట్ డ్యూటీలు చేసి బక్కచిక్కినావంట."

పాపం, వాళ్లిద్దరూ ఆ ముక్కలు అననేలేదు.

ఆదివారం సంధ్య నోట్‌బుక్కుతో మిద్దె ఎక్కేసరికి, హెప్సిబా నంజమ్మ చేతికి బీపీ మిషన్ పట్టీ చుడుతోంది. పక్కన పళ్లెం నిండా వేయించిన వడియాలు.

"ఆంటీ, మీ గొడవ?"

"అది నిన్ననే ముగిసిపాయ" అంది నంజమ్మ. "మార్కులకు కావాలంటే చెప్పు తల్లీ, మళ్లీ మొదలుపెడతాం. ఏమ్మే, నువ్వు ముందు తిడతావా, నేను తిట్టేదా?"

"పెద్దవాళ్లు మీరే కానివ్వండి" అంది హెప్సిబా.

సంధ్య కిందికొచ్చి తల పట్టుకుంది. బిడ్డ ఫెయిలైపోయింది, తన చేతుల మీదుగా! లక్ష్మీదేవి ఆపుకోలేక చేసిందంతా చెప్పేసింది.

సంధ్య పకపకా నవ్వింది. "కూచోమ్మా. మొదట్నుంచి చెప్పు. కొట్లాట ఎట్లా ఆపినావో అదే రాస్తా."

"వాళ్లకి తెలిస్తే? మళ్లీ మొదలైతాది కదే!"

"పేర్లు మారుస్తాలే. అదే మా పద్ధతి."

లక్ష్మీదేవి లేచి తలుపు గడియ పెట్టొచ్చింది. గొంతు బాగా తగ్గించి, "వీధి పేరు గూడా మార్చు" అంది. "వడియాలు తీసేసి అప్పడాలని రాయి."